అమ్మ పోయిన రోజు కాదు, అమ్మ గుర్తుండాలంటే ఏం చేయాలి?

చిన్నకూతురు

అందరికీ నమస్కారం. అమ్మ పోయి కొన్ని నెలలైంది. జబ్బు లేదు, మంచాన పడలేదు. ముందురోజు సాయంత్రం కూడా మిషన్ మీద కూర్చుని ఎవరిదో జాకెట్టుకు చేతులు అతికించింది. పొద్దున నేను పళ్లు తోముకుంటుంటే హాల్లో ఏదో పడిన చప్పుడైంది. వెళ్లి చూస్తే అమ్మ. పిలిస్తే పలకలేదు. అంబులెన్సు వచ్చేదాకా అన్నయ్య ఛాతీ మీద నొక్కుతూనే ఉన్నాడు. ఆస్పత్రిలో చూసి కార్డియాక్ అరెస్ట్ అన్నారు. అంతే.

ఇప్పుడు నా బాధ ఏంటంటే, అమ్మను తలుచుకుందామని కళ్లు మూసుకుంటే ఆ పొద్దుటి దృశ్యమే వస్తోంది. ముఖ్యంగా ఆ ఊపిరి. పడిపోయాక కాసేపు ఉండుండి నోరు తెరిచి, గురకలాంటి శబ్దంతో గాలి పీల్చింది. నాతో ఏదో చెప్పాలని చూసిందేమో, నాకు అర్థం కాలేదేమో అని మనసు ఒకటే కొట్టుకుంటోంది. అమ్మ బతికిన బతుకంతా ఆ పది నిమిషాల వెనక్కి వెళ్లిపోయింది. అది నాకు అన్యాయంగా అనిపిస్తోంది. నా సంగతి సరే, అమ్మకు అన్యాయం.

అమ్మ ఎలాంటిదో చెప్పకుండా అడిగితే ఈ ప్రశ్నకు అర్థం ఉండదు. అమ్మ ఇంట్లోనే బట్టలు కుట్టేది. మెడలో టేపు తీసేది కాదు, బయటికి వెళ్లేటప్పుడు కూడా మర్చిపోయి అలాగే వెళ్లేది. గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకునే మాకు జవాబులు చెప్పేది. నోరు తెరవకుండా అనే ఆ ‘ఊఁ’లోనే సరే, వద్దు, చూద్దాంలే, వెళ్లి చదువుకో అన్నీ ఉండేవి. మాకు ఏది ఏదో తెలిసేది. ఈమధ్య సూదిలో దారం ఎక్కించడానికి నన్ను పిలిచేది. అద్దాలు మార్పించుకో అమ్మా అంటే మాత్రం వినేది కాదు.

అమ్మ కొలతల పుస్తకం ఒకటి ఉంది. పొడుగాటి లెక్కల పుస్తకం, అట్ట ఊడిపోతే లైనింగు గుడ్డతో తనే కుట్టుకుంది. ఒక్కొక్కరికి ఒక్కో పేజీ. పొడవు, ఛాతీ, నడుము, భుజం, చేతి చుట్టు. పాత కొలత కొట్టేసి పక్కన కొత్తది, దాని పక్కన ఇంకోటి. అంచున అమ్మ రాసుకున్న మాటలు ఉన్నాయి. ‘చెయ్యి పైకి ఎత్తలేదు, చంక వదులు పెట్టాలి.’ ‘కుడి భుజం అరంగుళం కిందికి. సంచి మోస్తుంది.’ ఒక పేజీలో ‘ఖర్చు ఎక్కువ వదలాలి, మూడో నెల, ఇంకా ఎవరికీ చెప్పలేదట’ అని ఉంది (తర్వాత వదులు చేసుకోవడానికి కుట్టు లోపల మిగిల్చే గుడ్డనే ఖర్చు అంటారు). ఇంకోచోట ‘ఎడమవైపు లోపల రెండు పొరలు. అడగకూడదు’ అని మాత్రమే ఉంది. అదేంటో నాకు అర్థం కాలేదు.

మా బంధువులేమో మిషను ఎవరికైనా ఇచ్చేయండి, కళ్లెదుట ఉంటే ఏడుస్తూనే ఉంటారు అంటున్నారు. అన్నయ్య ఏమీ మాట్లాడడు. కుట్టు సగంలో ఉన్న బట్టలు అలాగే సంచిలో ఉన్నాయి. పైగా అమ్మ గొంతు మర్చిపోతానేమోనని కొత్త భయం పట్టుకుంది. నా దగ్గరున్నవి కొన్ని వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లే, అవి కూడా నాలుగైదు సెకన్లవి. అమ్మను ఇలా ఉన్నట్టుండి పోగొట్టుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, చివరి రోజును దాటుకుని వెనక్కి ఎలా వెళ్లారో చెప్పండి.

రాత్రి డ్యూటీ

తల్లీ, ముందు ఆ ఊపిరి సంగతి చెబుతాను, మిగతావి తర్వాత. నేను అత్యవసర విభాగంలో నర్సుని. మీరు చూసినదాన్ని మేము అగోనల్ బ్రీతింగ్ అంటాం. గుండె ఆగి మెదడుకు రక్తం అందకపోతే పది, ఇరవై సెకన్లలోపే స్పృహ పోతుంది. ఆలోచించే భాగం, నొప్పి తెలుసుకునే భాగం, మాట వెతుక్కునే భాగం అప్పటికే పనిచేయడం మానేస్తాయి. మెదడు అడుగున ఉండే కాండం మాత్రం ఇంకాసేపు తన పని తాను చేస్తూ, ఉండుండి ఒక ఊపిరి తీయిస్తుంది. గుండె ఆగి పడిపోయినవాళ్లలో చాలామందికి ఇలా జరుగుతుంది. పక్కనున్నవాళ్లకు అది ఏదో చెప్పబోతున్నట్టే కనిపిస్తుంది, మా వార్డుకు వచ్చే కుటుంబాల వాళ్లు కూడా ఇదే అడుగుతారు. మీ అమ్మగారు మీకేదో చెప్పబోయి ఆగిపోలేదమ్మా. అప్పటికి ఆవిడకు ఏమీ తెలియదు. మిమ్మల్ని ఊరడించడానికి అంటున్న మాట కాదిది, శరీరం పనిచేసే తీరే అంత.

గుండెపోటు వేరు, గుండె ఆగిపోవడం వేరు. గుండెపోటులో రక్తనాళం మూసుకుపోతుంది, చాలామందికి నొప్పి తెలుస్తుంది, గుండె చాలావరకు కొట్టుకుంటూనే ఉంటుంది. అరెస్టులో గుండెను నడిపే విద్యుత్తు లయ తప్పి, పంపు చేయడమే ఒక్కసారిగా ఆగిపోతుంది. సాయంత్రం జాకెట్టుకు చేతులు అతికించిన మనిషి పొద్దున్నే పడిపోవడం అందుకే. మీ అన్నయ్యకు కూడా ఒక మాట చెప్పండి. ఛాతీ మీద నొక్కడం ఆ క్షణాన ఎవరైనా చేయగలిగిన అసలైన పని, అది ఆయన చేశాడు. ఆస్పత్రి బయట గుండె ఆగిపోతే, బతికి బయటపడేవాళ్లు చాలా దేశాల్లో పదిమందిలో దాదాపు ఒకరు, లేదా అంతకన్నా తక్కువ. ఆయన మాట్లాడటం లేదన్నారు కదా, బహుశా ఆ చేతులతోనే ఇంకా కుస్తీ పడుతున్నాడు.

ఇక ఆ దృశ్యమే ఎందుకు వస్తోందంటే, భయపడినప్పుడు ఒంట్లో ఎడ్రినలిన్ పొంగుతుంది. దానితో మెదడులోని అమిగ్డలా ఆ కాసేపటి జ్ఞాపకాన్ని గట్టిగా అచ్చు వేసేస్తుంది. మామూలు రోజులకు ఆ అచ్చు పడదు. మీ అమ్మగారితో గడిపిన వేల సాయంత్రాలు అలా మామూలుగా గడిచాయి కాబట్టే వెనక్కి వెళ్లాయి. మీకు ప్రేమ తక్కువై కాదు. అవి పోలేదు, కాస్త తట్టి లేపాలి. మీరు రాసిన ‘ఊఁ’ చదవగానే ఆవిడ ఎలా ఉండేవారో నాకే తెలిసిపోయింది.

ఆ దృశ్యాన్ని బలవంతంగా తోసేయకండి, తోసేకొద్దీ వస్తుంది. నమ్మకమైన ఒక మనిషి దగ్గర కూర్చుని ఆ రోజంతా మొదటినుంచి చివరిదాకా చెప్పండి, చప్పుడు వినిపించకముందు ఏం జరిగిందో, ఆ తర్వాతి రోజు ఏం జరిగిందో కూడా. ముక్కగా మిగిలిపోయిన జ్ఞాపకం కన్నా ముందూ వెనకా ఉన్న జ్ఞాపకం కొంచెం నెమ్మదిగా ఉంటుంది.

దుఃఖానికి ఐదు దశలని ఎవరైనా చెబితే వాటితో మిమ్మల్ని మీరు కొలుచుకోకండి. 1969లో మానసిక వైద్యురాలు ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ ఆ దశలు రాసింది చావుకు దగ్గరగా ఉన్న రోగులతో మాట్లాడి. పోయినవాళ్ల పిల్లల కోసం రాసిన మెట్లు కావు అవి. నాకు నచ్చింది మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే ఇద్దరు పరిశోధకులు 1999లో చెప్పిన మాట. మనిషి కాసేపు దుఃఖంలోకి వెళ్తాడు, కాసేపు బయటి పనుల్లోకి వస్తాడు, ఈ అటూ ఇటూ తిరగడమే ఆరోగ్యం అన్నారు వాళ్లు. కాబట్టి ఒక పూట నవ్వితే అమ్మను మర్చిపోయినట్టు కాదు.

ఒక్కటి మాత్రం గమనించుకోండి. నిద్ర పట్టకపోవడం, ఆ దృశ్యం వచ్చినప్పుడల్లా వణుకు, ఆ హాల్లోకి అడుగు పెట్టలేకపోవడం ఇలా నెలలతరబడి ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఆరు నెలలు దాటినా దుఃఖం తీవ్రత తగ్గక రోజువారీ బతుకు సాగనివ్వకపోతే దాన్ని వైద్యం అవసరమైన స్థితిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల కొత్త వర్గీకరణలో చేర్చింది. 2022 నుంచి అది అమల్లో ఉంది. వైద్యం ఉందని చెప్పడానికే ఇది రాశాను, మీకు ఆ జబ్బు ఉందని కాదు.

పాత ఫైళ్లు

నర్సు గారు చెప్పాల్సినవి చెప్పారు. నేను గొంతు గురించి మాత్రం చెబుతాను, ఎందుకంటే దీనికి గడువు ఉంది.

మీ అమ్మగారి ఫోను ఎక్కడుంది? స్విచ్చాఫ్ చేసి బీరువాలో పెట్టి ఉంటే ఈరోజే తీసి ఛార్జింగ్ పెట్టండి. వాట్సాప్ ఖాతా 120 రోజులు వాడకపోతే సాధారణంగా తొలగిస్తారు. ఫోనులో ఉన్న చాట్లు యాప్ తీసేయనంతవరకు ఉంటాయి కానీ, ఆ ధీమాతో కూర్చోవద్దు. సిమ్‌కు రీచార్జి ఆపకండి. నంబరు చాలాకాలం వాడుకలో లేకపోతే కంపెనీ దాన్ని ఇంకొకరికి ఇచ్చేస్తుంది, ఆ తర్వాత ఓటీపీలు రావు, ఏ ఖాతా తెరుచుకోదు. అమ్మ నంబరు నుంచి పరాయి మనిషి పలికితే తట్టుకోవడం కూడా కష్టం. ఫొటోలు గూగుల్‌లో ఉంటే, రెండేళ్లపాటు ఎవరూ తెరవని వ్యక్తిగత ఖాతాలను వాళ్లు తొలగించవచ్చు. 2023 డిసెంబరు నుంచి అది మొదలైంది కూడా.

మీ ఫోనులో అమ్మతో ఉన్న చాట్ తెరిచి, ఎక్స్‌పోర్ట్ చాట్ నొక్కి, మీడియాతో సహా అన్నది ఎంచుకోండి. వాయిస్ మెసేజ్‌లు ఓపస్ అనే రకం ఆడియో ఫైళ్లుగా వస్తాయి. వాటిని అలాగే ఉంచి, ఎంపీ3లోకి మార్చిన కాపీ విడిగా పెట్టుకోండి. ఒక కాపీ కంప్యూటర్లో, ఒకటి విడి డిస్కులో, ఒకటి మీ అన్నయ్య దగ్గర. ఒకేచోట ఉన్నది లేనట్టే లెక్క.

తర్వాత ఇంకో పని. బంధువులను, అమ్మ దగ్గర బట్టలు కుట్టించుకున్నవాళ్లను అడగండి. ‘ఎల్లుండి వచ్చి తీసుకెళ్లు’ అని వాళ్లకు పంపిన మెసేజ్‌లు ఉంటాయి. పెళ్లి వీడియోల్లో వెనకాల ఎక్కడో అమ్మ ఎవరినో పిలుస్తూ ఉంటుంది. మీరు అనుకుంటున్నదానికన్నా ఎక్కువే దొరుకుతుంది.

కొలతల పుస్తకం ప్రతి పేజీ ఫొటో తీయండి, పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా. పెన్సిలు రాతలు ముందు చెరిగిపోతాయి కాబట్టి వాటితో మొదలుపెట్టండి. కానీ దాన్ని ఎక్కడా పెట్టకండి, ఎవరికీ పంపకండి. అందులో ఉన్నవి ఊరందరి గుట్లు, అమ్మను నమ్మి చెప్పుకున్నవి.

కావాలంటే ఆ నాలుగు సెకన్ల గొంతుతో కొత్త మాటలు పలికించే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు ఉన్నాయి. కొందరికి అది ఊరట. ఆలోచించుకోండి.

మూడో వరస పెద్దాయన

అమ్మా, ఆ సాఫ్ట్‌వేరు మాట నాకు నచ్చలేదు. ఆ తమ్ముడు మంచిగానే చెప్పాడు, కాదనను. కానీ మీ అమ్మ అనని మాట మీ అమ్మ గొంతులో వింటే, రేపు ఆవిడ నిజంగా అన్న మాటలకూ దానికీ తేడా తెలియకుండా పోతుంది. జ్ఞాపకం అసలే మెత్తనిది. తలుచుకున్న ప్రతిసారీ కొంచెం మారుతుంది. దానికి మనమే కల్తీ కలపకూడదు.

నేను కాలేజీలో ఉండగా మా అమ్మ పోయింది. తలలో నరం చిట్లి, మధ్యాహ్నం తలనొప్పి అంది, రాత్రికి లేదు. 1980ల నాటి మాట. టేపు రికార్డరు ఎవరింట్లోనో ఉండేది, మా అమ్మ గొంతు రికార్డు చేయాలని ఎవరికి తోస్తుంది? నిజం చెబుతాను, గొంతు పోయింది. కొన్నేళ్లకు ఆ స్వరం తెచ్చుకుందామంటే రాలేదు. ఆరోజు చాలా ఏడ్చాను. కానీ మాట తీరు పోలేదు. ఏ వాక్యంలో ఎక్కడ ఆగేదో, ఎవరిమీదైనా కోపం వస్తే వాళ్లను ఎలా ‘మీరు’ అనడం మొదలుపెట్టేదో ఇప్పటికీ తెలుసు. నా కూతురు ఫోన్లో కోపంగా అలాగే ‘మీరు’ అంటుంటే పక్క గదిలో ఉలిక్కిపడ్డాను. అది చూసి నేర్చుకున్నది కాదు, మా అమ్మను తను చూడనేలేదు. నా నుంచి వెళ్లి ఉండాలి.

మీరు వెనక్కి ఎలా వెళ్లారు అని అడిగారు. ఒంటరిగా వెళ్లలేకపోయాను. మా అక్కను అడిగాను, మా పిన్నిని అడిగాను, అమ్మతో కలిసి చదువుకున్న ఒకావిడను వెతికి మరీ అడిగాను. మా పిన్ని చెప్పిన అమ్మ చెట్లెక్కేది, ఇంట్లో చెప్పకుండా ఈత నేర్చుకుంది. నాకు తెలిసిన అమ్మ నీళ్లంటే నన్ను గడప దాటనిచ్చేది కాదు. ఇద్దరూ ఒకరేనని ఒప్పుకోవడానికి నాకు కొంతకాలం పట్టింది. ఒప్పుకున్నాక మాత్రం ఆ చివరి మధ్యాహ్నం చిన్నదైపోయింది. మాయం కాలేదు. చుట్టూ ఇంకా చాలా వచ్చి చేరాయి కాబట్టి చిన్నదైంది.

అడిగేటప్పుడు ‘మా అమ్మ ఎలాంటిది’ అని అడగకండి. మంచిది, దేవత అంటారు, అక్కడితో సరి. మొదటిసారి ఎప్పుడు చూశారు, దేనికి పోట్లాడారు, మా అమ్మ నవ్వితే ఎలా నవ్వేది, ఎప్పుడైనా మీ దగ్గర ఏడ్చిందా అని అడగండి. చెప్పింది చెప్పినట్టు వాళ్ల మాటల్లోనే రాసుకోండి. పెద్దవాళ్లను ముందు అడగండి.

మిషను ఇవ్వొద్దు. ఇవ్వాలనిపిస్తే ఎప్పుడైనా ఇవ్వొచ్చు, ఇచ్చాక తెచ్చుకోలేరు. అయితే ఊరికే ఉంచితే బిగుసుకుపోతుంది. దుమ్ము దులిపి, నూనె చుక్కలు వేసి, అప్పుడప్పుడూ కాసేపు తొక్కుతూ ఉండండి. గుడ్డ లేకుండా తొక్కేటట్టయితే పై దారం తీసేసి, పాదం పైకెత్తి తొక్కాలి. మా ఆవిడ కుడుతుంది కాబట్టి అడిగి చెబుతున్నాను.

సగం కుట్టిన బట్టలు ఎవరివి వాళ్లకు పిలిచి ఇవ్వండి. కొరియరు చేయకండి, ఇంటికి రమ్మనండి.

చిన్నకూతురు

ముగ్గురికీ దండాలు. ఎవరికెవరికి ఏం చెప్పాలో తెలియక ఇన్నాళ్లు జవాబు రాయలేదు.

నర్సు అక్కా, మీరు రాసింది ఆ రాత్రే అన్నయ్యకు చదివి వినిపించాను. ఆ ఊపిరి తనకూ వినిపిస్తోందట. ‘నేను నొక్కుతుంటే అమ్మకు నొప్పి పుట్టి అలా అంటోందనుకున్నాను’ అన్నాడు. అన్ని నెలలూ అది మోసుకుని తిరిగాడు, ఒక్కరికీ చెప్పలేదు. ఆ పేరా మళ్లీ చదవమన్నాడు, చదివాను. తర్వాత ఆ రోజంతా ఇద్దరం కలిపి చెప్పుకున్నాం. నాకు తెలియని ముక్క ఒకటి వాడి దగ్గర ఉంది. అమ్మ ఆ పొద్దున లేచి వాడి చొక్కాకు ఊడిన గుండీ కుట్టిందట, ‘ఇంకోసారి ఊడితే నువ్వే కుట్టుకో’ అందట. ఆ చొక్కా వేసుకునే ఆస్పత్రికి వచ్చాడు. ఆ మాట విన్నాక ఆ పొద్దుటికి ఇంకో మొదలు దొరికింది నాకు. ఊపిరి ఇంకా వినిపిస్తోంది కానీ, గుండీ తర్వాత వినిపిస్తోంది.

పెద్దాయన గారూ, బట్టలకోసం అందరినీ ఇంటికే రమ్మన్నాను. ఒకావిడ తన జాకెట్టు కచ్చా కుట్టు మీదే ఉన్నా అలాగే ఇచ్చేయమంది, ఇంకెవరితోనూ పూర్తి చేయించనంది. కూర్చోమని, మీరు చెప్పినట్టే, అమ్మను మొదటిసారి ఎప్పుడు చూశారు అని అడిగాను. ఆవిడ కాసేపు ఆగి, తనకు రొమ్ముకు ఆపరేషనైందని, ఆ తర్వాత ఏ బట్టా సరిగా కూర్చోక బయటికి రావడమే మానేసిందని చెప్పింది. ఎవరో చెబితే అమ్మ దగ్గరికి వచ్చిందట. అమ్మ కొలతలు తీసుకుంటూ ఒక్క ప్రశ్న అడగలేదట, నోట్లో సూదులున్నాయి, ‘ఊఁ’ అని రాసుకుందట. కుట్టి ఇచ్చాక వేసుకుని అద్దంలో చూసుకుంటే రెండు వైపులా సమానంగా ఉందట. లోపల ఎడమవైపు మెత్తటి గుడ్డ రెండు పొరలు వేసి కుట్టింది అమ్మ. డబ్బులు మామూలుగానే తీసుకుంది, ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు.

ఆవిడే ‘ఇది నువ్వు ఎక్కడైనా చెప్పుకో, పేరు మాత్రం చెప్పకు’ అంది, అందుకే రాశాను. ఆ పేజీ నాకు ఇప్పుడు చదవడం వచ్చింది. ఇరవై ఏళ్లు ఒకే ఇంట్లో ఉన్నాను, అమ్మ ఇంత పని చేస్తోందని నాకు తెలియదు. అమ్మ మీద ఎంత గర్వంగా ఉందో చెప్పలేను.

మిషను ఇవ్వడం లేదు. పుస్తకం ఫొటోలు సగం అయ్యాయి.

పాత ఫైళ్లు గారూ, ఒక్క సందేహం. అమ్మ ఫోను ఛార్జింగ్ పెడితే కాల్ రికార్డింగులు బయటపడ్డాయి. ఎప్పుడో అన్నయ్య ఆన్ చేసి పెట్టాడట. చాలా ఉన్నాయి. అన్నిటిలోనూ వెనక మిషన్ చప్పుడే ఎక్కువ, అమ్మ మాట తక్కువ. చప్పుడు తీసేసి గొంతు ఒక్కటే ఉంచే పద్ధతి ఏమైనా ఉందా? అవతలివాళ్లు మాట్లాడుతున్నంతసేపూ అమ్మ వట్టి ‘ఊఁ’ అంటూ ఉంటుంది, ఆ భాగాలు కత్తిరించాలా?

పాత ఫైళ్లు

కత్తిరించకండి. అసలు ఫైళ్లను ఏమీ చేయకండి. ముందు ఫోల్డరు మొత్తం యూఎస్‌బీ కేబులుతో కంప్యూటర్లోకి కాపీ చేయండి, కట్ అండ్ పేస్ట్ కాదు. ఫైలు పేరులో తేదీ, సమయం ఉంటాయి, పేర్లు మార్చకుండా ఉంచితే వరస చెడదు.

చప్పుడు తీయడానికి అడాసిటీ అని ఉచిత సాఫ్ట్‌వేరు ఉంది, అందులో నాయిస్ రిడక్షన్ ఉంటుంది. కాపీ మీద మాత్రమే చేయండి, తక్కువ మోతాదులో. ఎక్కువ పెడితే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు అయిపోతుంది. ఆ ‘ఊఁ’లు చిన్న శబ్దాలు కదా, చప్పుడుతోపాటు అవే ముందు కొట్టుకుపోతాయి. నన్నడిగితే మిషన్ చప్పుడుతో ఉన్నవే అసలైనవి.

అవతలి మనుషుల మాటలు కూడా వాటిలో ఉంటాయి కాబట్టి, కొలతల పుస్తకం లాగే అవీ మీ ఇద్దరి దగ్గరే ఉండాలి. ఏ ఫైలైనా తెరుచుకోకపోతే దాని చివర చుక్క తర్వాత ఏ అక్షరాలున్నాయో ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.